టాపెట్ కవర్ ప్యాకింగ్ – అంబాసిడర్ నాటి ఒక చిన్న చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు మన ఉద్యోగ జీవితంతో ముడిపడిన చరిత్ర ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఫైళ్ళతో గడిపినవారు ఫైళ్ళ చరిత్ర వ్రాయగలరు. నేను 1971 నుంచి 2006 వరకు శాఖ వాహనాల షెడ్డులో మెకానిక్‌గాను, తరువాత ఫోర్‌మన్‌గాను పనిచేసినవాడిని. కనుక ఇంజను నెత్తిమీద ఉండే రేకు మూత గురించి, దాని కింద పెట్టే ప్యాకింగు గురించి వ్రాస్తున్నాను. పుస్తకాలలో దీనిని వాల్వ్ కవర్ గాస్కెట్ అంటారు. మన షెడ్లలో మాత్రం అది టాపెట్ కవర్ ప్యాకింగే. మీలో జీపులలో, కార్లలో క్యాంపులకు తిరిగినవారందరికీ దీనితో పరిచయం ఉన్నట్లే. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బానెట్ సందుల్లోంచి కాలిన ఆయిలు వాసన వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఈ మూత మొదటి నుంచీ లేదు. తొలినాళ్ళ కార్లలో ఎక్కువ భాగం సైడ్ వాల్వ్ ఇంజన్లు. అంటే పెట్రోలు కలిసిన గాలిని లోనికి విడిచే వాల్వులు, పొగను బయటకు పంపే వాల్వులు సిలిండరు పక్కన బ్లాకులోనే నిలబడి ఉండేవి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఈ తరగతిదే. అటువంటి ఇంజనుకు హెడ్డు ఒక దిమ్మ మాత్రమే. దానిపైన కదిలే భాగం లేదు, కనుక ఆయిలు లేదు, మూతా అక్కరలేదు. వాల్వులను హెడ్డులోకి ఎక్కించిన ఇంజనును అమెరికాలో బ్యూక్ వారు 1904లోనే కారులో పెట్టి అమ్మారు. ఈ పద్ధతిలో గాలి తిన్నగా లోపలికి పోతుంది, మంట మండే గది చిన్నదవుతుంది, కంప్రెషన్ పెంచవచ్చు, అదే పెట్రోలుకు ఎక్కువ బలం వస్తుంది. అయితే రాకర్లు పైన ఆడుతుంటే వాటికి ఆయిలు అందించాలి. తొలి రోజుల్లో కొన్ని ఇంజన్లకు రాకర్లు బయటికే కనిపించేవి. డ్రైవరు ఆయిలు డబ్బా పట్టుకుని చుక్కలు వేసుకునేవాడు. తరువాత ఆయిలును పంపు ద్వారా పైకి పంపసాగారు. పంపిన ఆయిలు చిమ్మకుండా మూత వచ్చింది, మూత కింద ప్యాకింగ్ వచ్చింది, దానితో పాటు లీకూ వచ్చింది.

మన దేశానికి ఇది వచ్చిన తీరు ఆసక్తికరమైనది. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో కలకత్తా పక్కనున్న ఉత్తరపారాకు తరలింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్ల నమూనాలను తెచ్చి ఇక్కడ కట్టేవారు. హిందుస్థాన్ 14, ఆ తరువాత ల్యాండ్‌మాస్టర్, రెండింటిలోనూ 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజనే. ఇంగ్లండులో 1952లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు కలిసి బి.ఎం.సి. ఏర్పడింది. 1954లో వచ్చిన కొత్త ఆక్స్‌ఫర్డ్‌లో ఆస్టిన్ వారి బి-సిరీస్ ఇంజను పెట్టారు. మోరిస్ ఒంటికి ఆస్టిన్ గుండె అన్నమాట. మనకు 1957లో అంబాసిడర్ పాత సైడ్ వాల్వ్ ఇంజనుతోనే మొదలయింది. 1959లో 1489 సి.సి. బి-సిరీస్ వచ్చింది. ఈ దేశపు ప్రభుత్వ షెడ్లకు టాపెట్ కవర్ లీకు అసలు రాక ఆ ఇంజనుతోనే అని నా అభిప్రాయం. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా షెడ్డు మూలన కండెమ్ చేసిన ల్యాండ్‌మాస్టర్ ఒకటి ఉండేది. పాత మేస్త్రీ దాని బోడి హెడ్డును చూపించి, "దీనికి నెత్తిన చెమట పట్టదురా" అనేవాడు.

ఇక ప్యాకింగ్ సంగతి. అది కార్క్. సీసా బిరడాకు వాడే బెండే. పోర్చుగల్, స్పెయిన్ ప్రాంతాల్లో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు ఇది. చెట్టుకు సుమారు 25 ఏళ్ళు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు. చెట్టును నరకరు. మళ్ళీ బెరడు కట్టడానికి తొమ్మిదేళ్ళ వరకు ఆగుతారు. 1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద చూసి, చిన్న చిన్న గదులుగా ఉన్నదని చెప్పి 'సెల్' అనే పేరు పెట్టింది ఈ బెండు ముక్కకే. ఆ గదులన్నిటా గాలి ఉంటుంది. అందుచేత అదిమితే అణుగుతుంది గాని పక్కలకు పెద్దగా సాగదు. మూత అంచు కొంచెం వంకరగా ఉన్నా ఆ వంకరను తనలో ఇముడ్చుకుంటుంది. బెండు రవ్వను జిగురుతో కలిపి రేకుల్లా అదిమి, కత్తిరించి ఈ ప్యాకింగులు చేసేవారు.

గుణం ఎంత మంచిదో బలహీనత అంత పెద్దది. వేడికి ఏళ్ళ తరబడి ఉడికి గట్టిపడుతుంది, పెంకులా పగులుతుంది. పైగా ఆ ఇంజనులో వాల్వుల సందు అప్పుడప్పుడు సరిచేయాలి. టాపెట్ సెట్టింగ్ అనేది అదే. దానికి మూత విప్పక తప్పదు. ఎనిమిది వాల్వులకు మేము 'తొమ్మిది లెక్క' వాడేవాళ్ళం. ఎనిమిదవది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటవది, ఏడవది తెరుచుకున్నప్పుడు రెండవది, అలా రెండు అంకెలు కలిపితే తొమ్మిది రావాలి. విప్పిన ప్రతిసారీ ప్యాకింగ్ కొంత చిరుగుతుంది. చాలామంది దానినే తిప్పి పెట్టి, లీకు రాకుండా నట్లు బలంగా బిగించేవారు. అసలు తంటా అక్కడే. ఆ మూతను పట్టి ఉంచేవి పైన రెండే నట్లు. ఈ ఇంజను కుటుంబానికి బ్రిటిష్ మాన్యువళ్ళు చెప్పిన బిగింపు 4 పౌండ్-అడుగులు మాత్రమే. అడుగు పొడవు పానా చివర రెండు కిలోలకు లోపు బరువు వేలాడదీసినంత. మన కుర్రవాళ్ళు వేసే బలానికి బెండు నలిగి పిండి అవుతుంది, రేకు మూత అంచు వంగిపోతుంది. ఆ తరువాత కొత్త ప్యాకింగ్ వేసినా ఆగదు. బిగించేకొద్దీ కారుతుంది, కారేకొద్దీ బిగిస్తారు.

రిటైరయిన తరువాత జరిగిన ఒక ఉదంతం చెబుతాను. మా కార్యాలయంలో హెడ్ క్లర్కుగా చేసిన పెద్దాయన ఒకరు వేలంలో పాత అంబాసిడర్ కొనుక్కున్నారు. ఒకనాడు దిగులుగా వచ్చి, "ఏమండీ, ఇంజను బోరుకొచ్చిందట. రింగులు, పిస్టన్లు అన్నీ మార్చాలంటున్నారు. కమ్యుటేషన్ డబ్బులో మిగిలింది దీనికే పోయేటట్లుంది" అన్నారు. ఆయిలు తగ్గడం నిజమే. బానెట్ కింద పొగ రావడమూ నిజమే. కాని సైలెన్సర్లోంచి నీలిపొగ లేదు. "రెండు రోజులు ఆగండి బాబుగారూ" అన్నాను. ఇంజను అంతా కిరోసినుతో కడిగి, తుడిచి, ఆరాక సుద్దపొడి చల్లి, పావుగంట నడిపి చూశాము. మూత వెనక అంచున తడి గీత స్పష్టంగా కనబడింది. అక్కడ నుంచి కారి కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతున్నది. పొగ అదే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ ఇంజనుకు పక్కన మానిఫోల్డ్ కింద మరో రెండు టాపెట్ మూతలున్నాయి. వాటికీ బెండు ప్యాకింగే. పైనుంచి కారినదా, అక్కడ నుంచి వచ్చినదా తెలియకుండా చేయి పెడితే మానిఫోల్డ్ అంతా ఊడదీసే పని వృథాగా పడుతుంది. సుద్దపొడి చల్లేది అందుకే. మరొకటి, బ్రీదర్ గొట్టం మూసుకుపోతే ఇంజను లోపలి ఆవిరి పోవడానికి దారి లేక ఆయిలును ప్యాకింగు మీదికి నెడుతుంది. ఆ పెద్దాయన కారులో గొట్టం నిండా మడ్డి పేరుకుని ఉంది. దానిని శుభ్రం చేయకుండా ఎన్ని ప్యాకింగులు మార్చినా ఫలితం ఉండదు.

పని మాత్రం గంట లోపుదే. ఇంజను చల్లారాక నట్లు విప్పి మూత ఎత్తాము. పాత ప్యాకింగును గీకేటప్పుడు ముక్కలు పుష్‌రాడ్ రంధ్రాల్లో పడకుండా గుడ్డలు కప్పాము. మూతను అద్దం పలక మీద పెట్టి చూస్తే అంచు రెండుచోట్ల లేచి ఉంది. కర్రదిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సాపు చేశాము. కొట్టువాడిచ్చిన కొత్త ప్యాకింగ్ బీరువాలో ఎండి కురచయిపోయింది. పారేయనక్కర లేదు, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెడితే బెండు మళ్ళీ సాగుతుంది. దానిని మూతకు మాత్రం జిగురుతో అంటించి, హెడ్డు వైపు పలుచగా గ్రీజు పూశాము, మళ్ళీ విప్పినప్పుడు చిరగకుండా. నట్ల కింది రబ్బరు వాషర్లు కొత్తవి వేసి, ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించాము. ఆ కారు ఆ తరువాత నాలుగేళ్ళు నడిచింది. రింగులు మార్చలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కథ మారింది. దాని 796 సి.సి. ఇంజనులో క్యామ్‌షాఫ్టే హెడ్డు మీదికి ఎక్కింది. ప్యాకింగులూ క్రమంగా బెండు నుంచి ఆయిలుకు తట్టుకునే రబ్బరుకు మారాయి. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఈనాటి చాలా కార్లలో మూతే ప్లాస్టిక్, బ్రీదర్ వాల్వు అందులోనే కలిసి ఉంటుంది. అది చెడితే మూత మొత్తం మార్చవలసి వస్తుంది. అంతేకాదు, నేటి ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గులు చాలావాటికి మూత మధ్యలోని గొట్టాల్లో దిగి ఉంటాయి. లోపలి రబ్బరు పోతే ఆయిలు బయటకు కనబడదు, ఆ బావుల్లో నిలుస్తుంది. బండి ఊగుతూ మొరాయిస్తుంది. మీ అబ్బాయిలకు కాయిల్ మార్చాలని ఎవరైనా చెబితే, ముందు ప్లగ్గు బావిలో ఆయిలు ఉన్నదేమో చూడమని అడగమనండి.