తెలుగునాట అద్భుత సాహస నవల

మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగముల గ్రంథము. మణిసిద్ధుడను యతి కాశికి నడచిపోవుచు, మజిలీ చేసిన ప్రతిచోటను, వెంట వచ్చు గొల్లపిల్లవాడు ఊరిలో చూచి వచ్చిన వింతకు మూలమైన కథను చెప్పుట అందలి యేర్పాటు. రైలుబండి వచ్చి కాశీయాత్రకు మజిలీలు లేకుండ చేసినది గాని, వింత వినవలెనను కోరికను మాత్రము తీర్చలేదు. ఆ మజిలీ స్థానమును పిమ్మట మాసపత్రిక ఆక్రమించినది.

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసునుండి చందమామను వెలువరించిరి. 1952లో కొడవటిగంటి కుటుంబరావు గారు దాని సంపాదకత్వ భారమును వహించిరి. ఆ కాలముననే కార్యాలయములో చేరిన యువకుడు దాసరి సుబ్రహ్మణ్యము గారు. 1954లో ఆయన వ్రాసిన "తోకచుక్క" ధారావాహికగా మొదలైనది.

అంతకు పూర్వము మన జానపద కథలలో మాంత్రికుడుండెను, రాకుమారుడుండెను. ఐనను ఏడు సముద్రములు దాటుట ఒక్క వాక్యములో ముగిసెడిది. "తోకచుక్క"లో సముద్రము నిజముగా సముద్రమే. సేనాని సమరసేనుడు తెలియని ద్వీపములో దిగి, పరస్పర వైరులైన ఏకాక్షి, చతుర్నేత్రుల నడుమ చిక్కుకొనును. అతనికి మంత్రము రాదు. అతని బలమంతయు జాగరూకతయే. చదువరి అతనితోపాటు అడుగు తీసి అడుగు వేయవలసినదే. ప్రతి మాసమును ఆపద అంచున ఆగిపోవు ఆ రచనకు చిత్రా గారి బొమ్మలు ప్రాణము పోసినవి. సంచిక కొనలేని యింటి పిల్లలకు గ్రామ గ్రంథాలయపు బల్లయే దిక్కు. అట్టి బల్లలపై చందమామ నలిగినంతగా మరియొక పత్రిక నలిగియుండదు.

"మకరదేవత", "కంచుకోట", "జ్వాలాద్వీపం", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం" మొదలగునవి వరుసగా వచ్చినవి. "భల్లూక మాంత్రికుడు"తో కలిపి మొత్తము పన్నెండు. వీనిలో స్త్రీపాత్రలు మిక్కిలి అరుదు; ఇది లోపమే యనక తప్పదు. భాషయందు మాత్రము వంక పెట్టుటకు వీలులేదు. అప్పుడప్పుడే అక్షరములు కూడబలుకుకొను బాలునికిని అర్థమగు చిన్నచిన్న వాక్యములు. తెలుగున పుట్టిన ఈ కథలు చందమామతోపాటు ఇతర భారతీయ భాషలకును ప్రయాణము చేసినవి.

ఇన్ని లక్షలమంది చదివినను రచయిత ఎవరో ఎవరికిని తెలియదు. కార్యాలయములో పనిచేయువారి పేర్లు రచనలకు ముద్రించు ఆచారము ఆ పత్రికకు లేకుండెను. కుటుంబరావు గారికైన ఇతర రచనలవలన పేరుండెను. దాసరి వారికి ఆ ఆదరువు స్వల్పము. "తోకచుక్క" కొరకు నెల పొడుగునను ఎదురుచూచిన బాలుడు పెద్దవాడై, తన బిడ్డకు అదే కథ చెప్పునప్పుడును, దానిని చందమామ కథయనియే చెప్పెను. ఉత్తరము వ్రాయుటకు పేరు తెలియవలెను గదా!

2000 తరువాతనే, పాత సంచికలను వెదకి సేకరించి అంతర్జాలమున పంచుకొన్న అభిమానుల వలన, ఆయన పేరు పాఠకలోకమున విస్తారముగా వినవచ్చినది. అప్పటికి దాసరి వారు చందమామలో అర్ధశతాబ్దము గడపియుండిరి. 2010లో ఆయన పరమపదించిరి.