16 గంటల 20 నిమిషాలు: ఒక కలకత్తా అమ్మాయి చెప్పిన జవాబు

"ఆడవాళ్ళ ఒళ్ళు ఆటలకి పనికిరాదు, అంత అలుపు తట్టుకోలేరు, రేపు పిల్లలు పుట్టరు." ఇలాంటి మాటలు మన ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తాయి. పెద్దల చాదస్తంలే అని నేను వీటిని వదిలెయ్యదలచుకోలేదు. ఇవి దేవుడి గురించో పరలోకం గురించో చెప్పిన మాటలు కావు, మనిషి శరీరం గురించి చెప్పినవి. నిజమో అబద్ధమో పరీక్షించి తేల్చవచ్చు. ఆ పరీక్ష 1959లో జరిగింది. చేసి చూపించింది కలకత్తాకి చెందిన 19 ఏళ్ళ ఆరతీ సాహా.

ఆ రోజుల్లో ప్రపంచం ఏమనుకునేదో ముందు చూద్దాం. ఈ భ్రమ మనదేశానికే పరిమితం అనుకుంటే పొరపాటు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో 9 మంది పరిగెత్తారు, 9 మందీ గీత దాటారు. అలిసిపోయి కొందరు నేలమీద కూలబడ్డారు. ఆ పని మగవాళ్ళూ చేస్తారు. కానీ పత్రికలు మాత్రం ఆడవాళ్ళు వరసగా సొమ్మసిల్లి పడిపోయారని గోలచేశాయి. దాంతో ఆ పరుగు తీసేశారు. మళ్ళీ 1960లోగాని పెట్టలేదు. ఆ 32 ఏళ్ళూ ఒలింపిక్స్‌లో స్త్రీలకి 200 మీటర్లకి మించిన పరుగే లేదు. ఈతలో 400 మీటర్లే హద్దు. ఇదంతా "వైద్యశాస్త్రం" పేరుతోనే సమర్థించారు. సైన్సు పేరు తగిలించినంత మాత్రాన మూఢనమ్మకం సైన్సు అయిపోతుందా?

విచిత్రం ఏమిటంటే, దానికి ముందే 1926లో గెర్‌ట్రూడ్ ఎడెర్లీ అనే అమెరికన్ యువతి ఇంగ్లీషు ఛానల్ ఈదింది. పట్టిన సమయం సుమారు పద్నాలుగున్నర గంటలు. అప్పటిదాకా ఈదిన మగవాళ్ళలో అందరికంటే వేగంగా ఈదినవాడికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ! సాక్ష్యం కళ్ళెదుట ఉన్నా నియమాలు రాసేవాళ్ళు చూడదలచుకోలేదు.

ఇక ఆరతి సంగతి. 1940 సెప్టెంబరు 24న కలకత్తాలో ఒక సామాన్య మధ్యతరగతి కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. హట్‌ఖోలా స్విమ్మింగ్ క్లబ్బులో చేరి, 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన శచీన్ నాగ్ దగ్గర ఈత నేర్చుకుంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కి మనదేశం నుంచి నలుగురు స్త్రీలు వెళ్ళారు: నీలిమా ఘోష్, మేరీ డిసౌజా, డాలీ నజీర్, ఆరతి. అప్పటికి ఆరతికి పన్నెండేళ్ళు నిండలేదు.

ఛానల్ ఈదడానికి ఒంట్లో బలం ఒక్కటే చాలదు, డబ్బు కావాలి. ప్రయాణం, బస, వెంట నడిచే పడవ, దారి చూపే పైలట్ అన్నీ ఖర్చులే. క్లబ్బు తరఫున డాక్టర్ అరుణ్ గుప్తా చందాల కోసం తిరిగారు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు ఏర్పాటు చేయించారు. ఆయన స్వయంగా పేరున్న వైద్యుడన్న సంగతి గుర్తుంచుకోండి. 1959 ఏప్రిల్ 13న ఆరతి దేశబంధు పార్కు చెరువులో జనం చూస్తుండగా 8 గంటలు ఆగకుండా ఈదింది.

ఆగస్టు 27న చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. పడవ ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండు తీరం ఇంకా 5 మైళ్ళు ఉందనగా ఎదురు ప్రవాహం అడ్డుకుంది. పైలట్ మాట విని ఆగిపోక తప్పలేదు. ఇక్కడొక్క క్షణం ఆలోచించండి. 1958లో ఛానల్ ఈదిన మిహిర్ సేన్ కూడా అంతకుముందు కొన్నిసార్లు విఫలమైనవాడే. మగవాడు ఓడితే సముద్రం బాగోలేదంటాం, ఆడది ఓడితే ఆడదాని వల్ల ఏమవుతుందంటాం. ఒకే ఫలితానికి రెండు కారణాలు చెప్పే ఈ తర్కం ఏ శాస్త్రంలోనూ నిలవదు.

సెప్టెంబరు 29న ఆరతి ఫ్రాన్సులోని కేప్ గ్రీ నే దగ్గర మళ్ళీ నీళ్ళలోకి దిగింది. 42 మైళ్ళు ఈది, 16 గంటల 20 నిమిషాల తరవాత ఇంగ్లండులోని శాండ్‌గేట్ దగ్గర ఒడ్డెక్కింది. ఛానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ అందుకుంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 400 మీటర్లకి మించి ఈదకూడదన్న కాలంలో ఒక బెంగాలీ అమ్మాయి పగలూ రాత్రీ సముద్రంలో ఈదింది! ఒలింపిక్స్‌లో స్త్రీలకి 800 మీటర్ల ఈత రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళు పట్టింది.

అదే నగరంలో ఇంకో ఉదాహరణ. 1978 జనవరి 1న మన మహిళా జట్టు తొలి వన్డే ఆడింది ఈడెన్ గార్డెన్స్‌లోనే. ఆ ప్రపంచకప్‌లో చివరి మ్యాచి మన హైదరాబాదులో జరిగింది. మనవాళ్ళు అన్నీ ఓడిపోయారు. అయినా ఆట ఆగలేదు. 1997లో ఈడెన్‌లోనే జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో బంతులందించే పిల్లల్లో ఝులన్ గోస్వామి ఉంది. ఆమె ప్రాక్టీసు కోసం చాక్‌దహా నుంచి తెల్లవారుజామున లోకల్ రైలెక్కి కలకత్తా వచ్చేది. 2022లో రిటైరయ్యేనాటికి 255 వన్డే వికెట్లు తీసింది. అప్పటికి మహిళల వన్డేల్లో అంతకంటే ఎక్కువ తీసినవాళ్ళు లేరు. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో సిలిగురి అమ్మాయి రిచా ఘోష్, మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఇద్దరూ ఉన్నారు.

మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి సంగతీ అంతే. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ మొదలైందే 2000లో. ఆ ఏడాదే సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. తలుపు తెరిచీ తెరవగానే లోపలికి వెళ్ళిందంటే, అడ్డం ఒంట్లో ఉన్నట్టా, తలుపులో ఉన్నట్టా?

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. పతకం వచ్చాక సన్మానాలూ పూలదండలూ ఎవరైనా ఇస్తారు. ఆరతికి ఉపయోగపడినవి అంతకుముందు దొరికిన చెరువు, క్లబ్బు, కోచ్, పడవ ఖర్చు. మన ఆడపిల్లలకి కావలసినవీ అవే: ఆడుకోడానికి స్థలం, బట్టలు మార్చుకోడానికి గది, మరుగుదొడ్డి, చీకటిపడితే ఇంటికి చేరే బస్సు.

నా మాట నమ్మక్కరలేదు. రేపు సాయంత్రం మీ ఊరి హైస్కూలు గ్రౌండుకి వెళ్ళి, ఆడుతున్నవాళ్ళలో మగపిల్లలెందరో ఆడపిల్లలెందరో లెక్కపెట్టండి. తేడా కనిపిస్తే, దానికి కారణం వాళ్ళ ఒళ్ళా, మన బుద్ధా అని మీరే తేల్చండి.