వేళ్లు తడుపుకొని కూర్చో

పొయ్యి మీద ఎసురు కుతకుతమంటోంది. అందులో వేసిన నూకలు మెత్తబడ్డాయి. అవ్వ రాగిపిండిని ఎసట్లో గుట్టగా పోస్తుంది, కలపదు. సంగటి కట్టెతో గుట్ట నడుమ ఒక బొక్క పెట్టి, మూత వేసి, కట్టెలు వెనక్కి లాగి మంట తగ్గిస్తుంది. ఆ బొక్కలోంచి ఆవిరి పైకొచ్చి పిండి మొత్తం ఉడకాలి. తొందరపడితే లోపల పచ్చిపిండి ఉండిపోతుంది.

మీరు గోడవార పీట మీద కూర్చున్నారు. మదనపల్లె నుంచి బస్సులో పెద్దమండ్యం చేరేసరికే పొద్దు గూకింది. దారి పొడవునా బండరాళ్ల గుట్టలు, టమాటా తోటలు, చెనిక్కాయ చేన్లు. 2022 ఏప్రిల్‌లో ఈ మండలం చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా వాన తక్కువ నేల అదే, రాత్రి పొయ్యి మీద సంగటీ అదే.

"ఇంగ దించుతాండా, పక్కకు జరుగు నాయనా."

గిన్నె నేల మీదికి దిగింది. పాతగుడ్డ మడిచి అంచులకు వేసి, రెండు పాదాలతో గిన్నెను అదిమిపట్టి, రెండు చేతులా కట్టెను తిప్పుతుంది. భుజాలు కదులుతున్నాయి, గాజులు గలగలమంటున్నాయి. ఒక్క ఉంట కూడా మిగలకూడదు. తర్వాత చేయి చన్నీళ్లలో ముంచి, పొగలు కక్కే సంగటిని తట్టలోకి తీసి, గుండ్రంగా దొర్లించి ముద్ద చేస్తుంది. ఆ వేడిలో చెయ్యి అంతసేపు ఎలా ఆగుతుందో మీకు అర్థం కాదు.

ముద్ద పక్కన రోట్లో నూరిన ఊరిబిండి: వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ. ఇంకో గిన్నెలో నాటుకోడి పులుసు. బెంగళూరులో పనిచేసే మనవడు పండక్కి ఇంటికొచ్చాడు. మీరు బయటివాళ్లని మర్యాదగా చెంచా తెచ్చి తట్ట అంచున పెడతాడు.

"సంగటికి చెంచా ఏందిరా? అతుక్కుంటాది."

మీరు గుచ్చి చూస్తారు. అతుక్కుంది. పైకి లాగితే ముద్ద కూడా లేచి వస్తోంది. గోధుమలో ఉన్నట్టు రాగిలో గ్లూటెన్ ఉండదు. నీళ్లు పీల్చి ఉబ్బిన పిండే ముద్దను పట్టి ఉంచుతుంది, అది పొడిగా ఉన్న దేన్నయినా పట్టేసుకుంటుంది. తడిగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. అవ్వ చెంబు అందిస్తూ చెప్పింది ఇదే: "చెయ్యి కడుక్కో. తుడుచుకోవాకు."

బాసింపట్టు వేసుకొని తట్ట ముందుకు జరుపుకోండి. నడుమ కాలుతుంది, అంచు నుంచి తుంచండి. ఉసిరికాయంత చాలు. వేళ్ల కొసలతోనే దొర్లించాలి, అరచేతికి సంగటి అంటితే పక్కనున్న పెద్దాయన కంటపడుతుంది. ఇప్పుడు బొటనవేలితో చిన్న గుంత నొక్కండి. ఆ గుంతలో పులుసు నిలుస్తుంది. నోట్లో వేసుకొని మింగండి. నమలబోతే పళ్లకు పట్టుకుంటుంది. రుచి మోసేది పులుసు, కడుపు నింపేది ముద్ద. మొదటిసారి గొంతు దగ్గర కాస్త ఆగుతుంది, రెండోసారికి జారిపోతుంది.

రాగుల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలు. ఉగాండాలో రాగిపిండితో చేసే కాలో అనే ముద్దనూ చేత్తోనే తుంచి, కూరలో అద్దుకొని తింటారు. అక్కడి పిల్లకీ ఇక్కడి పిల్లకీ మధ్య ఒక సముద్రం ఉంది, వేళ్లు చేసే పని మాత్రం ఒకటే. దీన్ని చూశాక, చేత్తో తినడం మర్యాద తెలియనితనం అనేవాళ్ల మీద నాకు కోపమే వస్తుంది. నగరాల హోటళ్లలో ముద్దను చెంచాతో కోసుకొని తినేవాళ్లను చూస్తే ఆ తిండి సగమే వాళ్లకు దక్కిందనిపిస్తుంది.

మర్యాద లేదని ఎవరన్నారు? పులుసు మళ్లీ కావాలని మీరు కుడిచెయ్యి గరిటె మీదికి చాపారు. మనవడు గిన్నె లాగేశాడు. తింటున్న చెయ్యి ఎంగిలి, అది గరిటెకు తగలకూడదు. అడగాలి, వడ్డించేవాళ్లు పోస్తారు. పోసేటప్పుడు గరిటె మీ తట్టకు ఆనదు, కాస్త ఎత్తు నుంచే పులుసు పడుతుంది. నీళ్లకు ఎడమచెయ్యి. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. ఎముకలు తట్ట అంచున ఒక పక్కకే. పెద్దవాళ్లు ఇంకా తింటుంటే చెయ్యి కడుక్కోవడానికి లేవకూడదు.

చెంచాలు లేని ఇల్లేమీ కాదిది. నెయ్యికి చెంచా ఉంది. ఊరగాయ జాడీలో చెక్కగరిటె ఉంది, దానికి మాత్రం తడి తగలనివ్వరు, తగిలితే బూజు పడుతుంది. సంగటికి తడి చెయ్యి, ఊరగాయకు పొడి గరిటె. ఏ తిండికి ఏది పనికొస్తుందో ఈ వంటింట్లో ఎవరూ రాసిపెట్టలేదు, కోడలికి అత్త చేతిని చూసే తెలిసింది.

"ఇంగో అర ముద్ద?" మీరు వద్దనేలోపే తట్టలో పడింది.

తెల్లారి పద్ధతులు వేరు. రాత్రి మిగిలిన ముద్దను నీళ్లలో వేసి ఉంచారు, అది కాస్త పులిసింది. అవ్వ లోతైన గిన్నె ముందు పెట్టి మజ్జిగ, ఉప్పు వేస్తుంది. నిన్న వేళ్ల కొసలు దాటనివ్వని చేతిని ఇప్పుడు మణికట్టు దాకా దింపి పిసుకుతారు. ఎవరూ ఏమీ అనరు, సద్దికి అదే పద్ధతి. పక్కన పచ్చిమిరపకాయ, కచ్చాపచ్చాగా నలిపిన ఎర్రగడ్డ. గిన్నె ఎవరిది వాళ్లదే కాబట్టి పెదవి ఆనించి తాగొచ్చు. తోటలో టమాటాలు కోయడానికి కూలీలు అప్పుడే బయల్దేరుతున్నారు.

మీరు గిన్నె కింద పెడతారు. అవ్వ లోపలికి తొంగి చూస్తుంది.

"అడుగున పిండి నిలిచింది సూడు. రోంత మజ్జిగ పోస్తా, తిప్పి తాగు."