అరిగిన నాణెం విలువ

ప్రాచీన నాణేలు సేకరించేవారి మధ్య ఒక పాత తగవు ఉంది. అరుదైనదైతే అరిగిపోయినా కొనాలా? లేక సర్వసామాన్యమైనదైనా అచ్చు చెదరనిదాన్నే కొనాలా? ఈ తగవులో ఉభయపక్షాలూ ఒక సంగతి మరచిపోతాయి. నాణెం పుట్టింది సంతలో చెల్లడానికి గాని, అద్దాల బీరువాలో మెరవడానికి కాదు.

‘స్థితి’ అనే కొలమానం సంగతే చూద్దాం. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్లకు 1 నుంచి 70 దాకా అంకెలు వేశాడు. 70 అంకె నాణెం 1 అంకె నాణేనికి డెబ్బై రెట్లు ధర పలకాలన్నది ఆ లెక్క వెనక ఉన్న ఊహ. స్థితిని బట్టి ధర వచ్చిందని మనం అనుకుంటాం. నిజానికి ధరను చూసే స్థితికి అంకె కట్టారు. వినిమయ విలువ వస్తువు గుణంలాగా వేషం కట్టడమంటే ఇదే.

ఇప్పుడు మన దక్కను చరిత్రకు వద్దాం. 1906లో నాసిక్ సమీపాన జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యపు గుర్తునూ, ఉజ్జయిని గుర్తునూ తిరిగి కొట్టించాడు. నహపానుడి ముఖం చెదిరిపోయింది, కొత్త ముద్రా పూర్తిగా పడలేదు. సేకర్త లెక్కలో ఇవి చెడిపోయిన నాణేలు; పైగా వేలకొద్దీ ఉన్నవి. చరిత్రకారుడికి మాత్రం వీటిని మించిన సాక్ష్యం లేదు. గౌతమీపుత్రుడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని నాసిక్ గుహలో ఆయన తల్లి గౌతమీ బలశ్రీ శాసనం పొగుడుతుంది. కొడుకును తల్లి పొగిడిన ప్రశస్తి అది. దాన్ని నమ్మవచ్చునని తేల్చింది ఈ చెడిన నాణేలే. తిరిగి ముద్ర పడనివి కూడా అదే నిధిలో ఉండడం గమనించాలి. రాజు మారినా పాత వెండి వెంటనే చెల్లకుండా పోలేదని ఊహించడానికి అది ఆధారం. ఒకటి రెండు నాణేలు దొరికి ఉంటే ఈ ఊహకు తావే లేదు.

అయితే అరుదుకు విలువే లేదా? ఉంది. శాతవాహన నాణేల్లో అధికభాగం సీసం, పోటిన్, రాగి. రాజు తల ఉన్న వెండి నాణేలు తక్కువ. వాటిపై ఒక పక్క ప్రాకృతం, రెండో పక్క ఒక ద్రావిడ భాష కనిపిస్తాయి. ‘సిరి’కి బదులు ‘తిరు’, ‘పుత’కు బదులు ‘మకన్’, షష్ఠికి ‘కు’ ప్రత్యయం. అది తమిళమా, తెలుగుకు దగ్గరిదా అన్న వాదం ఉంది. భాషాచరిత్ర చదివేవారికి ఈ నాణెం విలువైనది అందుకే గాని, కొద్దిమంది దగ్గరే ఉన్నందుకు కాదు. స్థితికీ ఇక్కడ అర్థం ఉంది. అక్షరాలు అంచు చుట్టూ ఉంటాయి. అంచు పోతే భాష పోతుంది. చదవడానికి వీలుండడమే చరిత్రకు కావలసిన స్థితి. మెరుపు కాదు.

ఈ రెంటినీ మించిన ప్రశ్న ఇంకొకటి: నాణెం ఎక్కడ దొరికింది? పూర్వపు కరీంనగర్ జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో చిముకుడి నాణేలూ, గోబద, నారన, కంవాయ, సమగోపుల నాణేలూ దొరికాయి. వాటిని పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించాక, శాతవాహనుల తొలినాళ్ళ చర్చలోకి తెలంగాణ బలంగా వచ్చింది. అవే నాణేలు ఊరూ పేరూ లేకుండా వర్తకుడి పళ్ళెంలోకి చేరి ఉంటే ఈ చర్చకు కొరగాకుండా పోయేవి. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెప్పింది. కాని కుండలోంచి మంచివి ఏరి అమ్ముకుని, మిగిలినవి కరిగించేస్తే ఏ చట్టమూ ఆ చరిత్రను తిరిగి తేలేదు.

సీసం మెత్తని లోహం. చేతులు మారేకొద్దీ అరుగుతుంది. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. కుమ్మరి, సాలె, కూలి పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. వారి చేతుల జాడ ఈ అరుగుదలలోనే ఉంది. విద్యార్థులను మ్యూజియానికి తీసుకుపోయినప్పుడు మెరిసే నాణెం దగ్గరే ఆగకుండా, అరిగిన నాణెం దగ్గరా నిలబెట్టండి. అది ఎక్కడ దొరికింది, వేటితో కలిసి దొరికింది, ఎవరి చేతుల్లో అరిగింది అని అడగడం నేర్పండి.