బొంబాయి నుండి వెళ్లిన వాయుశాస్త్ర వ్యాసము

తెలుగువారు తరతరములుగా స్థిరపడిన నగరములలో బొంబాయి యొకటి. అచ్చటి కామాఠీపుర, తెలుగునాట నుండి వలసవచ్చి కట్టడపు పనులలో శ్రమించిన కామాఠీల పేర వెలసినది. ఆ నగరమునకు భౌతికశాస్త్ర చరిత్రయందును ఒక స్థానము కలదు. వాయువులోని అణువుల వేగమును బట్టి దాని పీడనమును, ఉష్ణోగ్రతను నిర్ణయించు సిద్ధాంతమును వివరించిన తొలి వ్యాసములలో ఒకటి 1845లో అచ్చటి నుండియే లండనుకు పంపబడెను. ఆ సిద్ధాంతమెట్టిదో, ఆ వ్యాసమునకు పట్టిన గతి యేమో తెలుపుటయే ఇచ్చట ఉద్దేశము.

వాయుపీడనము అణువుల తాకిడి వలన కలుగునని 1738లోనే డేనియల్ బెర్నూలీ తన గ్రంథమున చూపెను. పీడనము వేగముయొక్క వర్గమును అనుసరించునని ఆయన గ్రహించెను. తరువాత 1821లో జాన్ హెరపత్ అను ఆంగ్లేయుడు ఈ భావమును పునరుద్ధరించెను. కాని ఉష్ణోగ్రత వేగవర్గమును గాక వేగమునే అనుసరించునని తలచుటచే ఆయన సిద్ధాంతము దారితప్పెను.

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ 1811లో ఎడింబరోలో జన్మించెను. 1839లో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ శిక్షార్థులకు బోధకుడుగా బొంబాయి చేరి, తీరిక వేళలలో ఈ సమస్యను సాధించెను. ఉష్ణోగ్రత అణువుల వేగవర్గపు సగటును అనుసరించుననియు, ఒకే ఉష్ణోగ్రత గల రెండు వాయువులలో బరువైన అణువుల వేగవర్గము ఆ బరువునకు తగినట్లు తగ్గుననియు ఆయన నిర్ణయము.

ఈ తర్కము సులభగ్రాహ్యము. ఒక పెట్టెలోని అణువు గోడను తాకి వెనుకకు మరలును. దాని వేగము రెట్టింపైనచో ప్రతి తాకిడియు రెట్టింపు బలము కలదగును. తాకిడుల సంఖ్యయు రెట్టింపగును. కావున పీడనము నాలుగు రెట్లగును. అణువులు పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు దిశలయందును సమముగా చరించును గనుక ఒక దిశకు మూడవ వంతు చెందును. వాయు సాంద్రతను వేగవర్గపు సగటుతో గుణించి మూడింట భాగించిన పీడనము లభించును. ఒక అణువు ద్రవ్యరాశిని అదే సగటుతో గుణించి, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకమునకు మూడు రెట్లైన సంఖ్యతో భాగించిన పరమ ఉష్ణోగ్రత లభించును.

నైట్రొజను వాయువునే ఉదాహరణముగా గొందము. దాని సాంద్రత ఘనమీటరునకు 1.14 కిలోగ్రాములు, వేగవర్గపు సగటునకు వర్గమూలము సెకండునకు 517 మీటర్లు అనుకొందము. పై విధమున గణించిన పీడనము సుమారు 1,01,500 పాస్కలులు, అనగా ఇంచుమించు ఒక వాతావరణ పీడనము. ఉష్ణోగ్రత 300 కెల్విన్లు, అనగా 27 డిగ్రీల సెంటీగ్రేడు.

ఇచ్చట రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, వేగముల సగటును వర్గించరాదు. వర్గముల సగటునే తీసికొనవలెను. మూడు అణువుల వేగములు 300, 500, 700 మీటర్లైనచో వాని సగటు 500. కాని వర్గముల సగటునకు మూలము 526. రెండవది, వాయువంతయు ఒకే దిశకు కదలునపుడు ఆ ఉమ్మడి వేగమును ముందుగా తీసివేయవలెను. గాలి వీచినంత మాత్రమున అది వేడెక్కదు గదా! పలు అణువుల అస్తవ్యస్త చలనమే ఉష్ణోగ్రతకు మూలము. ఏకాకియైన అణువునకు ఉష్ణోగ్రత యను మాటయే పొసగదు.

వాటర్‌స్టన్ వ్యాసము 1846 మార్చిలో రాయల్ సొసైటీయందు చదువబడెను. స్వల్ప సంగ్రహము మాత్రము ముద్రితమయ్యెను. పరిశీలకులలో ఒకరు అది అర్థరహితమనియు, సభయందు చదువుటకే తగదనియు తోసివేసిరి. రచయిత తనకొక ప్రతిని ఉంచుకొనలేదు; సభ నియమము ననుసరించి మూలప్రతి తిరిగి రాలేదు. ఇంతలో క్రోనిగ్ 1856లో, క్లౌసియస్ 1857లో, మాక్స్‌వెల్ 1860లో తమ వ్యాసములను ప్రకటింపగా కీర్తి వారిని వరించెను. 1857లో స్వదేశమునకు మరలిన వాటర్‌స్టన్ 1883 జూనులో ఇల్లు వెడలి తిరిగి రాలేదు.

సొసైటీ కార్యదర్శియైన రెలీ ప్రభువు 1891లో ఆ వ్రాతప్రతిని భాండారమునుండి వెలికిదీసి, మరుసటి ఏట ముద్రింపించెను. నలువదియైదు సంవత్సరములు శాస్త్రమునకు అందక పోయినది ఒక కాగితపు కట్ట! పేరు ప్రతిష్ఠలు లేని దూరదేశపు ఉపాధ్యాయుని రచనను నిదానముగా చదువు వారు లేకపోవుట వలన ఈ నష్టము కలిగెను. అయినను ఆ ప్రతిని పారవేయక భద్రపరచుట వలననే సత్యము వెలువడెను. రచయిత యెవ్వడని గాక రచన యేమి చెప్పుచున్నదని విచారించుట, చేరిన ప్రతిని నశింపనీయక కాపాడుట — ఈ రెండును విద్వత్సభలకు విధ్యుక్తములని ఈ చరిత్ర బోధించుచున్నది.