దొంగ వచ్చే వేళకో బాణీ

1910లో అమెరికాలోని ఎడిసన్ కంపెనీ 'ఫ్రాంకెన్‌స్టైన్' అనే చిన్న మూకీ తీసింది. ఆ సినిమా వేసే థియేటర్ల కోసం కంపెనీ తన పత్రికలో ఒక పట్టీ కూడా అచ్చేసింది. ఏ సన్నివేశానికి ఏ సంగీతం వాయించాలో అందులో వరసగా ఉంది. మొదట్లో నెమ్మదైన బాణీ. ప్రయోగశాలలో రాక్షసుడు రూపుదిద్దుకుంటుంటే అంతకంతకూ పెరిగే ఆందోళన. వాడు మంచం పక్కన ప్రత్యక్షమయ్యేసరికి వెబర్ రాసిన జర్మన్ ఒపేరా 'డెర్ ఫ్రైషుట్స్' నుంచి గుండెలదిరే భాగం. నాయకుడు ఇల్లు చేరేటప్పుడు 'యానీ లారీ' అనే స్కాట్లండ్ ప్రేమగీతం. తెర పక్కన పియానో ముందు కూర్చున్న మనిషి ఆ పట్టీ మీద ఒక కన్ను, బొమ్మ మీద ఒక కన్ను వేసి వాయించేవాడు.

ఇప్పుడు ఫోన్లో వీడియో ఎడిట్ చేసేవాళ్లు చేస్తున్న పని కూడా అదే. సంగీతం మీట నొక్కగానే 'సినిమాటిక్', 'లో-ఫై', 'హ్యాపీ', 'సస్పెన్స్', 'కార్పొరేట్' అంటూ అరలు తెరుచుకుంటాయి. ఏదో ఒకటి వినడం, బాగుందనిపిస్తే వీడియో కింద పరిచేయడం. ఈ అరలు యూట్యూబ్‌తో పుట్టినవి కావు. వీటికి వందేళ్లు దాటాయి. ఎవరు చేశారో, ఏ అవసరంతో చేశారో తెలిస్తే మన ఎంపిక తీరే మారుతుంది.

పేజీ అంచున 52 భావాలు

మూకీల తొలి రోజుల్లో పియానో వాయించేవాళ్లు తమకు వచ్చింది వాయించేవాళ్లు. తెర మీద చావు, పక్కన హుషారు పాట. ఈ గోల పడలేకే ఎడిసన్ కంపెనీ 1909 నుంచి సంగీత సూచనలు అచ్చేయడం మొదలుపెట్టింది. ప్రచురణకర్తలు అక్కడ వ్యాపారం పసిగట్టారు. క్లీవ్‌లాండ్ నగరంలో జె.ఎస్. జమెక్నిక్ అనే స్వరకర్త ఉండేవాడు. ప్రాగ్‌లో ప్రసిద్ధ స్వరకర్త డ్వోరాక్ దగ్గర చదువుకున్నవాడు. 1913లో సామ్ ఫాక్స్ సంస్థ ఆయన చేత సినిమా సంగీత సంపుటం రాయించింది. తుఫానుకొకటి, యుద్ధానికొకటి, చర్చికొకటి, విదూషకుడికొకటి. జనం పరుగులు తీసే ఘట్టానికి ఒకటి. అడుగులో అడుగేసుకుంటూ దొంగ వచ్చే వేళకు ఇంకొకటి. అన్నీ పొట్టివి, తేలికవి. సన్నివేశం అయ్యేదాకా మళ్లీ మళ్లీ వాయించుకోవచ్చు. ఇప్పటి ఎడిటర్లు 'లూప్' అంటున్నది దీన్నే.

ఐరోపాలో జుసెప్పే బెచ్చే అనే ఇటాలియన్ 1919 నుంచి బెర్లిన్‌లో 'కినోథెక్' పేరుతో ఇలాంటి సంపుటాలే తెచ్చాడు. హంగరీ నుంచి అమెరికా వెళ్లిన ఎర్నో రాపే 1924లో వేసిన పుస్తకం వీటన్నిటికీ తలమానికం. అందులో 52 భావాలకు, సందర్భాలకు సరిపడే స్వరాలున్నాయి. దాని గొప్పతనం చూడాలంటే పేజీ అంచు చూడాలి. యుద్ధం, పక్షులు, వెంటాడటం, పిల్లలు, విమానం... ఇలా సందర్భాల జాబితా, ఎదురుగా పేజీ నంబరు. ఈ జాబితాను ప్రతి పేజీ అంచునా వేశారు. తెర మీద ప్రేమికుల మీంచి కథ హఠాత్తుగా గుర్రాల పరుగుకు మారితే, వాయించేవాడు ముందు పేజీల్లోని విషయసూచిక కోసం వెతుక్కోనక్కర్లేదు. చూపు పక్కకు తిప్పితే చాలు. ఇప్పటి యాప్‌లో వేలితో జరిపే జాబితాకు ఇదే ముత్తాత.

మన దగ్గర రఘుపతి వెంకయ్య 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించారు. మన మూకీలకు తెర పక్కన హార్మోనియం, తబలా తోడుండేవి. 1932లో 'భక్త ప్రహ్లాద' తెలుగులో మాట్లాడింది, పాడింది. తెర పక్కన కూర్చునే వాద్యకారుడి పని అక్కడితో తగ్గుతూ వచ్చింది.

పన్ను లేని సంగీతం

ఏ బాణీలు ప్రాచుర్యంలోకి వస్తాయన్నది శ్రోతల అభిరుచి ఒక్కటే తేల్చదు. చట్టమూ డబ్బూ కూడా తేలుస్తాయి. అమెరికాలో స్వరకర్తలు 1914లో 'ఆస్కాప్' అనే సంఘం పెట్టుకున్నారు. తన స్వరాన్ని ఒక రెస్టారెంట్ అనుమతి లేకుండా వాయించిందని స్వరకర్త విక్టర్ హెర్బర్ట్ కోర్టుకెక్కాడు. 1917లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. భోజనానికి వచ్చినవాళ్లు పాట కోసం విడిగా డబ్బు కట్టకపోయినా, వాళ్లు చెల్లించే బిల్లులో ఆ పాట విలువ కూడా కలిసే ఉంటుందన్నది తీర్పు రాసిన జస్టిస్ హోమ్స్ తర్కం. ఆ తర్వాత సినిమా థియేటర్ల వంతు వచ్చింది. సీటుకు ఏడాదికి 10 సెంట్లు కట్టమన్నారు. చాలామంది యజమానులు ససేమిరా అన్నారు. సంఘంలో లేని ప్రచురణకర్తలకు ఇది కలిసొచ్చింది. తమది 'పన్ను లేని సంగీతం' అని ప్రకటనలిచ్చుకున్నారు. ఇవాళ మనం 'రాయల్టీ ఫ్రీ' అంటున్న మాటకు వేరు అక్కడుంది.

1927లో మాటలూ పాటలూ వినిపించే 'ది జాజ్ సింగర్' సినిమా వచ్చింది. అది మొదలు థియేటర్లలో వాయించుకుని బతికే వేలమంది ఉపాధి పోయింది. సంగీతం రికార్డుల్లోకి చేరింది. మూకీలకు స్వరపత్రాలు అమ్మడానికి లండన్‌లో 1909లో పుట్టిన డి వుల్ఫ్ సంస్థ, ఆ తర్వాత రికార్డు చేసిన సంగీతానికి పెద్ద నిలయమైంది. 1960లలో కేపీఎం అనే మరో సంస్థ ఆకుపచ్చ అట్టలతో వరసగా ఎల్పీలు తెచ్చింది. అవి దుకాణాల్లో దొరికేవి కావు. టీవీ, సినిమా, రేడియో నిర్మాతలకు మాత్రమే పంపేవారు. పేరు లేకుండా పనిచేసిన ఈ స్వరకర్తల్లో ఎంత సత్తా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. డి వుల్ఫ్ నిలయంలోని 'ఐ లెవెల్' అనే బాణీని ఒక టీవీ సీరియల్ వాడుకుంది. 1973లో అది బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. వెనక ఉండాల్సిన సంగీతం వీధుల్లోకి వచ్చేసింది.

యూట్యూబ్ నేర్పిన భయం

2005లో యూట్యూబ్ వచ్చింది. జనం తమకిష్టమైన పాటలన్నీ వీడియోల వెనక పెట్టేసుకున్నారు. 2007లో వయాకామ్ అనే మీడియా సంస్థ తన కార్యక్రమాల విషయంలో యూట్యూబ్ మీద వంద కోట్ల డాలర్ల దావా వేసింది. ఆ ఏడాదే యూట్యూబ్ 'కంటెంట్ ఐడీ' తెచ్చింది. అప్‌లోడ్ అయిన ప్రతి వీడియోలోని శబ్దాన్నీ హక్కుదారులిచ్చిన నమూనాలతో పోల్చి చూసే యంత్రాంగం ఇది. జత కుదిరితే వీడియో ఆగిపోవచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్లవచ్చు. దాంతో వీడియోలు తీసేవాళ్ల వెతుకులాట తీరు మారింది. మంచి పాట కన్నా ముందు చిక్కు లేని పాట కావాల్సి వచ్చింది.

ఆ అవసరాన్ని బాగా తీర్చినవాళ్లలో ఒకడు కెవిన్ మెక్లియోడ్ అనే అమెరికన్. దాదాపు రెండు వేల బాణీలు రాసి, తన పేరు వేస్తే చాలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నాడు. వాడుకోవడానికి హక్కుదారే ముందుగా అనుమతినిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002లో మొదలయ్యాయి, అవి ఆయనకు చట్టం అండనిచ్చాయి. ఆయన 'స్నీకీ స్నిచ్' మీరు వినే ఉంటారు. ఎవరో నక్కి నక్కి వెళ్తున్న తమాషా వీడియోల కింద తరచూ మోగేది అదే. వినగానే 1913 నాటి దొంగ బాణీకి మనవడని తెలిసిపోతుంది. 2013లో యూట్యూబ్ తానే ఉచిత ఆడియో లైబ్రరీ తెరిచింది.

లో-ఫై కథ మరోలాంటిది. అమెరికాలోని డెట్రాయిట్‌లో జే డిల్లా, జపాన్‌లో నుజాబెస్ అనే సంగీతకారులుండేవారు. ఇద్దరూ 1974 ఫిబ్రవరి 7న పుట్టారు. ఒకరు 2006లో, మరొకరు 2010లో చిన్న వయసులోనే పోయారు. పాత జాజ్ రికార్డుల ముక్కలను నెమ్మదైన తాళానికి అతికి, గ్రామఫోన్ చిటపటలు కూడా అలాగే ఉంచిన వీళ్ల పనితనం నుంచే ఈ శైలి ఎదిగింది. సాధారణంగా ఇందులో మాటలుండవు, స్వరంలో ఎగుడుదిగుళ్లుండవు. పైస్థాయి శబ్దాలు మొద్దుబారి ఉంటాయి కాబట్టి పైన ఎవరు మాట్లాడినా గొంతు స్పష్టంగా వినబడుతుంది. పాఠాలు చెప్పేవాళ్లు, ప్రయాణాల వీడియోలు తీసేవాళ్లు దీన్ని ఊరికే పట్టుకోలేదు.

ఎంచుకునే ముందు

మనిషి మాట్లాడే వీడియోలో సాహిత్యం ఉన్న పాట పెడితే రెండు గొంతులు పోట్లాడుకుంటాయి. వాద్యం చాలు, అదీ మాట కన్నా బాగా తగ్గి ఉండాలి. తాలింపు చిటపటలాడే చోట, వాన పడే చోట, తాత కథ చెప్పే చోట ఏ సంగీతమూ పెట్టకపోవడం ఉత్తమం. అక్కడ ఆ శబ్దాలే సంగీతం. 'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితమని కాదు. ఒకసారి కొంటే వాడిన ప్రతిసారీ కట్టక్కర్లేదని అర్థం. ఉచితంగా దొరికినా పేరు వేయాలా, ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చా అన్నది లైసెన్సులో చూసుకోవాలి.

మనవాళ్లు తరచూ తడబడేది కీర్తనల దగ్గర. 1847లో పరమపదించిన త్యాగయ్య కృతులు అందరివీ. కానీ వాటిని పాడి రికార్డు చేసినవాళ్ల హక్కులు వేరు. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. కృతి మీరే పాడుకోండి, మీ ఊరి విద్వాంసుడితో పాడించుకోండి. ఎవరిదో రికార్డు మాత్రం అడక్కుండా ఎత్తుకోకండి.

మన అర ఎక్కడ?

జమెక్నిక్ సంపుటంలో 'చైనా సంగీతం', 'ప్రాచ్య సంగీతం' అనే బాణీలు కూడా ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌లో కూర్చుని, అక్కడి ప్రేక్షకులు ఊహించుకునే తూర్పు దేశాలకు అతికేలా రాసినవి. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి లైబ్రరీల్లో 'ఇండియన్' అని వెతికితే ఎక్కువగా చేతికొచ్చేది సితార్, తబలా, కాస్త వేణువు. కోనసీమ కాలువ చూపించినా, ఆదిలాబాద్ అడవి చూపించినా కింద అదే మోగుతుంది. ఆదిలాబాద్ గోండుల తుడుం, ఒగ్గుకథ డోలు, ఉత్తరాంధ్ర జముకు, అనంతపురం ఉరుములు, ఊరూరి డప్పు, పెళ్లి సన్నాయి ఆ అరల్లో దొరకడం అరుదు. బొమ్మ మనది, చప్పుడు ఎవరిదో. దీనికి తప్పు పరాయివాళ్ల మీద నెట్టి లాభం లేదు. మనం రికార్డు చేసి పెట్టనిది ఏ లైబ్రరీలోనూ దొరకదు.

ఇందుకు పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక మంచి మైకు, బయటి చప్పుడు చొరబడని గది, సంగతి తెలిసిన వాద్యకారుడు ఉంటే చాలు. కాకపోతే పద్ధతిగా చేయాలి. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కునిచ్చింది. ఆ ప్రదర్శనతో వ్యాపారం చేస్తే రాయల్టీ కూడా దక్కాలని 2012 సవరణ చెప్పింది. డప్పు కొట్టే చేతికీ ఇది వర్తిస్తుంది. కాబట్టి ముందు పారితోషికం మాట్లాడుకోవాలి. ఎక్కడెక్కడ వాడతారో, వచ్చే డబ్బులో ఆయన వాటా ఎంతో తెలుగులో కాగితం రాసి, చదివి వినిపించి సంతకాలు చేసుకోవాలి. ఆ బాణీ ఎక్కడ వాడినా ఆయన పేరు, ఊరు వేయాలి. ఒక్కో ఛానల్ వాళ్లు తమ జిల్లా వాద్యం ఒక్కటి ఇలా రికార్డు చేసి పెట్టినా, ఆ జాబితాల్లోకి మన పేర్లు మనమే రాసుకోగలుగుతాం.