వైద్యుల మానసిక అనారోగ్యం: కమాన్‌పూర్–గోదావరిఖని ప్రాంతం

డాక్టర్లకూ, వైద్య విద్యార్థులకూ వచ్చే మానసిక జబ్బులు అందరికీ వచ్చేవే: డిప్రెషన్, ఆందోళన, బైపోలార్, మద్యానికో మాత్రలకో బానిస కావడం. వాటికి చేసే చికిత్సా ఒకటే. డాక్టర్ల విషయంలో చిక్కంతా ఆ చికిత్స దాకా వెళ్లడంలోనే ఉంది.

పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్, దాన్నుంచి 2016లో విడిపోయిన రామగిరి మండలం సింగరేణి బొగ్గు గనుల ప్రాంతాలు. ఇక్కడివారికి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రులు గోదావరిఖనిలో ఉన్నాయి: ఒకటి సింగరేణి ఏరియా ఆసుపత్రి, ఇంకోటి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. 2022 నవంబరులో సింగరేణి నిధులతో రామగుండం ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయ్యాక ఎంబీబీఎస్ విద్యార్థులూ ఈ ప్రాంతానికి వచ్చారు. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ.

ఇలాంటి చోట డాక్టరు సైకియాట్రీ ఓపీకి వెళ్లాలంటే చీటీ రాసే అతను, బీపీ చూసే సిస్టర్, మందులిచ్చే ఫార్మసిస్టు అందరూ రోజూ ‘నమస్తే సార్’ అనేవాళ్లే. బల్ల మీద పక్కన కూర్చున్నది నిన్న తాను చూసి పంపిన కార్మికుడే కావచ్చు. అందుకే బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేసి ‘ఏదో ఒకటి చెప్పరా’ అనడం, నిద్రమాత్ర తనే రాసుకోవడం జరుగుతుంటాయి. దానికి కేస్ షీటూ ఉండదు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పేవాళ్లూ ఉండరు. అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు జవాబిచ్చారు. ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం తమకు మానసిక సమస్య ఉందని చెప్పారు. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్కలే కాబట్టి వీటిని దేశం మొత్తానికి వర్తింపజేయకూడదు. అయినా పీజీల్లో 45 శాతం మంది వారానికి 60 గంటలకు మించి పనిచేస్తున్నామన్న సంగతిని పక్కన పెట్టలేం. వారానికి 74 గంటలు దాటకూడదని, వారంలో ఒకరోజు సెలవు ఉండాలని టాస్క్‌ఫోర్స్ సూచించింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని మరణించాక సీనియర్ల వేధింపుల మీద రాష్ట్రమంతా చర్చ జరిగింది. అంత చర్చలోనూ జబ్బుపడ్డ విద్యార్థి మళ్లీ వార్డుకు ఎలా రావాలన్న ప్రశ్నకు పెద్దగా చోటు దొరకలేదు.

నిజానికి చాలామంది తిరిగి వస్తారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తేలికపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. డాక్టరే రోగి అయినప్పుడు ‘నాకు తెలుసులే’ అని మధ్యలో ఆపేసే అవకాశం ఎక్కువ. బైపోలార్‌లో నిద్ర ముఖ్యం. వరుసగా రాత్రులు మేల్కొంటే ఉన్మాద దశ తిరగబెట్టవచ్చు. లిథియం వాడేవారు రక్తంలో దాని స్థాయి, కిడ్నీలు, థైరాయిడ్ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. కాబట్టి కోలుకుంటున్న హౌస్ సర్జన్‌కు కొన్నాళ్లు నైట్ డ్యూటీ తప్పించడం, ఓపీతో మొదలుపెట్టి మెల్లగా క్యాజువాలిటీకి పంపడం చికిత్సలో భాగమే. దాన్ని జాలిగా, రాయితీగా చూసే యూనిట్‌లో అతను మళ్లీ దాచడం మొదలుపెడతాడు.

దాచడం ఎంత దూరం తీసుకెళ్తుందో లండన్‌లో 2000లో తెలిసింది. భారత సంతతికి చెందిన మానసిక వైద్యురాలు దక్షా ఎమ్సన్ బైపోలార్‌తో ఏళ్ల తరబడి సమర్థంగా పనిచేశారు. ఉద్యోగానికి ముప్పని జబ్బును గుట్టుగా ఉంచారు. ప్రసవం తర్వాత జబ్బు తిరగబెట్టిన స్థితిలో ఆమె, పసిబిడ్డ చనిపోయారు. 2003 నాటి విచారణ నివేదిక ఈ భయాన్ని ఎత్తిచూపింది. ఆ తర్వాత 2008లో అక్కడ డాక్టర్లు, దంతవైద్యుల కోసమే గోప్యంగా పనిచేసే ప్రత్యేక వైద్యసేవ మొదలైంది.

మన దగ్గర చట్టం అండగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది. రోగి డాక్టరైనా అదే నియమం. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తొలగించకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతుంది. దాని జాబితాలో మానసిక అనారోగ్యమూ ఉంది. ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే, 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.